డాలువాడికి చెప్పిన మాట

రెడీమేడ్ దుస్తుల ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్ళు కటింగ్ పని చేసిన ఆయనను అక్కడ అందరూ కత్తెర మాస్టారు అనేవారు. చేతిలో కత్తెర ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆయన అనుకునేవాడు. నోటిని చూసి పెట్టారని మిగతావాళ్ళకు తెలుసు.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. అరవై పొరల బట్ట ఒకదాని మీద ఒకటి పరిచి, పైన సుద్దతో గీసిన గీత వెంట మిషన్ కత్తిని నడిపించాడంటే పై పొరకీ అడుగు పొరకీ వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. కానీ బట్ట పరిచేవాడి చెయ్యి ఒక్క వేలెడు వంకర పోయిందా, ఇక వాడి పని అయిపోయినట్టే. కొట్టేవాడు కాదు, బూతులు తిట్టేవాడు కాదు. కళ్ళద్దాల పైనుంచి చూసి, "నీలాంటివాడు నాకక్కర్లేదు, పో" అనేవాడు. హాల్లో నలభై మిషన్లు ఒక్కసారి ఆగినట్టుండేది. మీసాలున్న మగాళ్ళు బాత్రూములోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చేవారు. అలా అనిపించుకున్న వాళ్ళలో కొందరు మళ్ళీ వచ్చి పని నేర్చుకున్నారు, కొందరు తిరిగి రాలేదు. రానివాళ్ళ గురించి ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు.

పని మానేశాక ఆరు నెలలకు కుడిచేతి బొటనవేలు పట్టేసింది. అన్నేళ్ళు కత్తెర పిడి రాపిడికి నరం గట్టిపడిందని డాక్టరు చిన్న ఆపరేషన్ చేసి, వేళ్ళు రోజూ కదిలిస్తూ ఉండాలని రబ్బరు బంతి ఒకటి ఇచ్చాడు. మాస్టారు ఆ బంతిని రెండు రోజులు పిసికి, మూడో రోజు కిటికీలో పెట్టేశాడు.

అప్పుడు కోడలు అంది, "మామయ్యా, బంతి బోరు కొడితే నా గేమ్ ఆడండి. బొటనవేళ్ళతోనే ఆడాలి. చేతికి మంచిది."

ఆ కోడలు పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు తయారు చేసే ల్యాబులో పని చేస్తుంది. రోజంతా మైనంలో చిన్న చిన్న పళ్ళు గుచ్చి, చిగుళ్ళకి రంగు సరిచూసే పని. ఇంటికొచ్చేసరికి గోళ్ళ సందుల్లో తెల్లగా ప్లాస్టరు పొడి ఉండేది. మాట తక్కువ. ఆమెకున్న ఒకే ఒక సరదా ఆదివారం మధ్యాహ్నం రెండు మూడు గంటలు హాల్లో టీవీ ముందు కూర్చుని ఆడే ఆ గేమ్.

మాస్టారు ఆ మాటకి ఊరుకోకుండా, భార్య ముందు, కొడుకు ముందు, పైగా ఆ రోజు టీకి వచ్చిన వియ్యంకుడి ముందు నవ్వాడు. "నాకీ వయసులో బొమ్మలాటా? రేపు గోళీలాడమంటావు, ఎల్లుండి ఉయ్యాల ఊగమంటావు. పెళ్ళైన ఆడపిల్ల కత్తులు పట్టుకుని దయ్యాల వెంట పరిగెడుతుంటే చూసి ఊరుకుంటున్నాను, అది చాలదా?"

వియ్యంకుడు పాపం తలుపు తగిలినా తలుపుకే క్షమాపణ చెప్పుకునే రకం. "అవునవును, చిన్నతనం" అన్నాడు. కోడలు టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సంగతి అక్కడితో అయిపోయేదే. కానీ ఇంట్లో మధ్యాహ్నం దాకా ఆయన ఒక్కడే. భార్య కళ్ళాసుపత్రిలో చీటీలు రాసే చోట కూర్చుంటుంది, రెండింటికి గానీ రాదు. కొడుకు లిఫ్టులు రిపేరు చేసే మెకానిక్కు, పొద్దున్నే సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోతాడు. పేపరు రెండుసార్లు చదివి, గోడ మీద బల్లి ఎటు పోతోందో చూసి, ఒక రోజు పదిన్నరకి మాస్టారు టీవీ పక్కనున్న గేమ్ కంట్రోలర్ చేతిలోకి తీసుకున్నాడు. వేలికి మంచిదని డాక్టరు చెప్పాడు కదా అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

కొత్తగా ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. తెరిస్తే కోడలు ఆపిన చోటే తెరుచుకుంది. గేమ్‌లో కోడలు నడిపించే మనిషి ఒక నాయకురాలు. ఆమె వెంట ముగ్గురు. నిద్ర మొహంతో ఉండే ముసలి మంత్రగత్తె, ఎప్పుడూ పొగరుగా మాట్లాడే విలుకాడు, నిలువెత్తు డాలు మోసే ఒక భారీ మనిషి. ఎవరో కొండల అవతలికి ఎత్తుకెళ్ళిన ఊరి గంటని తిరిగి తేవాలి. అది కథ. మొదటి రోజు ఆయన నాయకురాలిని గోడకేసి అరగంట నడిపించాడు. రెండో రోజు నీళ్ళలో దింపాడు. వారం తిరిగేసరికి తోడేళ్ళ గుంపుని చంపేసి, సోఫాలో ముందుకు వంగి, "రారా, రా" అని టీవీతో అంటున్నాడు.

ఆయనకి అన్నింటికన్నా నచ్చింది పోట్లాట కాదు. నడుస్తూ నడుస్తూ ఆ వెంట ఉన్నవాళ్ళు పలకరించేవారు. అప్పుడు బొమ్మ ఆగి, కింద మూడు నాలుగు జవాబులు రాసి వచ్చేవి. మనం ఏది నొక్కితే నాయకురాలు ఆ మాట అనేది. మాటని బట్టి వాళ్ళు దగ్గరయ్యేవారు, మొహం మాడ్చుకునేవారు. డాలువాడు మాత్రం ఏ మాటన్నా తల వంచుకుని వినేవాడు. చూడ్డానికి ఏనుగంత ఉంటాడు, చీకటి గుహ అంటే చాలు వెనకబడతాడు. 'ఇలాంటి గుండెకాయ లేనివాణ్ణి ఎందుకు పెట్టుకుందో ఈ పిల్ల' అనుకునేవాడు మాస్టారు.

మాస్టారు ఈ దొంగతనం మాత్రం శుభ్రంగా చేసేవాడు. గేమ్‌లోంచి బయటికి వచ్చేటప్పుడు "సేవ్ చేయాలా, వద్దా" అని అడుగుతుంది. వద్దు అంటే ఆ రోజు ఆడినదంతా చెరిగిపోయి, కోడలు ఆదివారం వదిలిన చోటే ఉంటుంది. ఆమె ఆడుతుంటే పేపరు చాటునుంచి చూసి అది నేర్చుకున్నాడు. ఒంటిగంటకల్లా వద్దు అని నొక్కి, కంట్రోలర్‌ని పంచె కొంగుతో తుడిచి, ఏ వంకరలో ఉందో ఆ వంకరలోనే పెట్టేసేవాడు. రెండింటికి భార్య వచ్చి, "ఏం చేశారండీ పొద్దుట్నుంచీ?" అంటే, "ఏముంది, బంతి పిసికాను" అనేవాడు. బొటనవేలు బాగుపడుతోందని డాక్టరు కూడా మెచ్చుకున్నాడు.

ఒక బుధవారం వంతెన దగ్గర పెద్ద పోరాటం వచ్చింది. రాతి మనుషులు నలుగురు అడ్డం వచ్చారు. మాస్టారు నాయకురాలిని ముందుకు తోలాడు. సగంలో చూస్తే పక్కన డాలు లేదు. డాలువాడు వంతెన వదిలి పారిపోతున్నాడు. విలుకాడికి దెబ్బ తగిలింది, మంత్రగత్తె పడిపోయింది. మాస్టారు నానా తంటాలు పడి, మూడుసార్లు చచ్చి బతికి, చివరికి గెలిచాడు. చెమటలు పట్టాయి. నీడ పట్టున అందరూ కూలబడ్డాక పొదల్లోంచి డాలువాడు వచ్చాడు. డాలు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పారిపోయాను. కాళ్ళు నా మాట వినలేదు. ఇక మీరేమంటే అది" అన్నాడు.

కింద మూడు జవాబులు వచ్చాయి. ఒకటి: భయం అందరికీ ఉంటుంది, ఇలా వచ్చి కూర్చో. రెండు: ఏం జరిగిందో చెప్పు, వింటాను. మూడు: నీలాంటివాడు నాకు అవసరం లేదు, పో.

మాస్టారి వేలు ఆగలేదు, ఆలోచించలేదు. ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు అది. మూడోది నొక్కేశాడు.

డాలువాడు డాలు తీసి నాయకురాలి కాళ్ళ దగ్గర పెట్టాడు. లేచి, వచ్చిన దారిన నడిచి, చిన్నగా అయి, కొండ మలుపులో కనపడకుండా పోయాడు. "డాలువాడు మీ బృందాన్ని వదిలి వెళ్ళాడు" అని అక్షరాలు వచ్చాయి. మాస్టారు తేలిగ్గా తీసుకున్నాడు. ఎలాగూ వద్దు అని నొక్కితే మళ్ళీ వచ్చేస్తాడు కదా.

సరిగ్గా అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. పన్నెండున్నర కూడా కాలేదు. "ఏవండీ, తలుపు తియ్యండి, ఆసుపత్రిలో కరెంటు లేదని పంపించేశారు" అని భార్య గొంతు. మాస్టారు గబగబా నొక్కాడు. సేవ్ చేయాలా అంది. కళ్ళద్దాలు నుదుటి మీద ఉన్నాయి. ఏదో నొక్కాడు. పాతది చెరిగిపోతుంది, సరేనా అంది. అదేమందో చదవకుండానే సరే అన్నాడు. టీవీ కట్టేసి తలుపు తీసి, "బంతి పిసుకుతున్నాను" అన్నాడు, ఆవిడ అడక్కముందే.

మర్నాడు పదిన్నరకి గేమ్ తెరిచి చూస్తే వంతెన దాటేసి ఉన్నారు. నాయకురాలు, విలుకాడు, మంత్రగత్తె. డాలువాడు లేడు.

మాస్టారు ముందు నమ్మలేదు. వెనక్కి నడిపించాడు. పొదలన్నీ వెతికించాడు. వెళ్ళిపోయిన మలుపు దాకా వెళ్తే అక్కడ అడవి, రాళ్ళు, ఎగిరే పక్షులు తప్ప ఏమీ లేవు. ఒంటిగంట అయింది.

శుక్రవారం చొక్కా ఇస్త్రీ చేసుకుని, మూడు వీధుల అవతల గేములు అమ్మే కొట్టుకి వెళ్ళాడు. కౌంటరులో పాతికేళ్ళ పిల్ల ఒకతె జడ ముందుకు వేసుకుని కూర్చుని ఉంది.

"మా స్నేహితుడికి ఒక సమస్య వచ్చిందమ్మా. వాడు ఈ గంట కోసం వెళ్ళే గేమ్ ఆడుతుంటాడు. అందులో డాలువాణ్ణి..."

"తిట్టి పంపేశారా?" అంది ఆ పిల్ల ఠక్కున.

"తిట్టలేదు. పో అన్నాడంతే."

"అయ్యో! అదే అంకుల్ తిట్టడమంటే. వాడు ఇక రాడు. పాత సేవ్ ఏమన్నా ఉందా?"

"అది కూడా పోయింది."

"ఎన్నాళ్ళు ఆడారు మీ స్నేహితుడు?"

"ఏడు నెలలట" అన్నాడు, కోడలి ఆట లెక్క గుర్తొచ్చి.

"ఏడు నెలలు వెంట తిప్పుకుని, వంతెన దగ్గర అలా అన్నారా? ఆ గేమ్‌లో అందరికన్నా మంచివాడు వాడే. చివర్లో వాడు నిలబడితేనే కథ బావుంటుంది." ఆ పిల్ల తల ఊపింది. "మీ స్నేహితుడిది రాతి మనసండీ."

మాస్టారి చెవులు వేడెక్కాయి. ఉక్కపోస్తోంది, వస్తానమ్మా అని బయటపడ్డాడు.

ఇంటికొచ్చి మళ్ళీ గేమ్ తెరిచాడు. ఏదైనా దారి దొరుకుతుందేమోనని ఉన్న బొత్తాలన్నీ నొక్కితే, ఒకచోట పాత సంభాషణలు అని కనపడింది. కోడలు ఏడు నెలలుగా ఆ ముగ్గురితో అన్న మాటలన్నీ వరసగా రాసి ఉన్నాయి. ఎన్నుకోని జవాబులు బూడిద రంగులో, ఎన్నుకున్నవి పసుపు రంగులో. ఆయన కళ్ళద్దాలు సరిచేసుకుని చదవడం మొదలుపెట్టాడు. పరాయివాళ్ళ ఉత్తరం విప్పి చదువుతున్నట్టు అనిపించింది, అయినా ఆపలేకపోయాడు.

డాలువాడు ఒకప్పుడు యుద్ధంలో సొంత తమ్ముణ్ణి వదిలి పారిపోయాడట. అది ఒక్కసారిగా చెప్పలేదు. ఒక ఆదివారం కొంచెం, ఇంకో ఆదివారం ఇంకొంచెం. ప్రతిసారీ పసుపు రంగులో ఉన్న జవాబు ఇలా ఉండేది: తొందరేం లేదు. ఇంకా చెప్పు. ఈ రోజు ఇంత నడిచావు, చాలు. ఇంట్లో రోజంతా నాలుగు మాటలు మాట్లాడని మనిషి ఒక బొమ్మ మనిషితో ఇన్ని మాటలు, ఇంత ఓర్పుగా ఎలా మాట్లాడిందా అని ఆయన ఆశ్చర్యపోయాడు.

ఒకచోట డాలువాడు అడిగాడు, "నాయకురాలా, ఇంత ధైర్యం నీకు. నీకు ఎవరంటేనైనా భయం ఉందా?" బూడిద రంగులో రెండు జవాబులు: ఎవరంటేనూ భయం లేదు. చావంటే భయం. పసుపు రంగులో మూడోది: మా ఇంటి పెద్ద మాటంటే భయం. ఆ మాట రాకముందే నాకు గుండె దడ మొదలవుతుంది.

మాస్టారు ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివాడు. ఆ అమ్మాయి తండ్రి గురించేమో అనుకున్నాడు. తలుపుకి క్షమాపణ చెప్పుకునే మనిషి గుర్తొచ్చాడు. ఇక ఎవరని వెతకాల్సిన పని లేకపోయింది. ఎదురుగా ఎవరూ లేకపోయినా ఆయన తల దించుకున్నాడు.

ఆదివారం రానే వచ్చింది. మాస్టారు పేపరు అడ్డం పెట్టుకుని హాల్లోనే కూర్చున్నాడు. లోపలికి వెళ్ళిపోతే అనుమానం వస్తుందని భయం. కోడలు టీవీ పెట్టింది. వంతెన దాటి ఉన్న ముగ్గురినీ చూసింది. తర్వాత, "డాలువాడేడీ?" అంది, చాలా మెల్లగా. అటూ ఇటూ తిప్పి చూసింది. బల్ల దగ్గర లిఫ్టు మోటారు విడిభాగం ఏదో తుడుస్తున్న భర్త వైపు తిరిగింది.

"నా గేమ్ ముట్టుకున్నారా మీరు?"

"నేనా? లేదే."

"మొన్న ఫుట్‌బాల్ గేమ్ ఆడారు కదా. అప్పుడేమన్నా..."

"అది వేరే, ఇది వేరే. నేనెందుకు ముట్టుకుంటాను?"

"మరి ఇంకెవరు ముట్టుకుంటారండీ ఇంట్లో? అత్తయ్యా? మామయ్యా?"

ఆ మాట అంటూ ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొడుక్కి చిరాకేసింది. "ఒక బొమ్మ పోయిందని నన్ను దొంగలా నిలబెడతావా?" అన్నాడు. వంటింట్లోంచి తల్లి, "ఏంట్రా గొడవ?" అని వచ్చింది.

అప్పుడు మాస్టారు నోరు విప్పవచ్చు. లేదా నోరు మూసుకుని కూర్చోవచ్చు. అదైనా కొంత నయం. ఆయన ఈ రెండూ చేయలేదు. పేపరు దించి, కళ్ళద్దాల పైనుంచి కొడుకుని చూసి, "వాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా. ఏది ముట్టుకుంటే అది పాడు చేస్తాడు. గోడ గడియారం విప్పి నాశనం చేసినప్పుడూ నేను కాదనే అన్నాడు" అన్నాడు.

ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. మాట దానంతట అదే వచ్చేసింది. అందరి చూపూ కొడుకు మీదికి పోయింది, తన మీదినుంచి పోయింది. ఆ క్షణంలో ఆయనకి కలిగింది ఊరట. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా అన్నింటికన్నా సిగ్గనిపించింది ఆ ఊరటకే.

కొడుకు చేతిలో గుడ్డ మడిచి బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ముప్ఫై రెండేళ్ళ మనిషి. పదిహేను అంతస్తుల మేడల్లో మధ్యలో ఆగిపోయిన లిఫ్టుల్లోంచి మనుషుల్ని దించి, పాడైనదాన్ని బాగుచేసే పని వాడిది.

ఆ వారమంతా ఇల్లు ఇల్లులా లేదు. మొగుడూ పెళ్ళాలు "టిఫిన్ బాక్సు", "తాళం", "సరే" అని ముక్కలు ముక్కలుగా మాట్లాడుకున్నారు. టీవీ పక్కన కంట్రోలర్ మీద దుమ్ము పడింది. మాస్టారు దాన్ని ముట్టుకోలేదు. పొద్దున ఒంటరిగా కూర్చుంటే ఫ్యాక్టరీలో తిరిగి రానివాళ్ళ మొహాలు ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలుపెట్టాయి. ఒకడు ఉండేవాడు, పక్కవాడి వేలు మిషన్లో తెగి రక్తం చిమ్మితే చూడలేక బయటికి పరిగెత్తాడు. అరగంటకి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వాడికి కూడా మాస్టారు అదే మాట చెప్పాడు. వాడి పేరు ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు.

చెప్పేద్దామని రోజుకి పదిసార్లు అనుకున్నాడు. భార్య ఒంటరిగా ఉన్నప్పుడు, "ఇదిగో, నీతో ఒక మాట" అని పిలిచి, ఆవిడ వచ్చాక, "మంచినీళ్ళు కావాలి" అన్నాడు. సిగ్గు అలాంటిది. ముందు తప్పుకి సిగ్గు, తర్వాత అది దాచినందుకు సిగ్గు, ఆ తర్వాత ఇన్నాళ్ళు దాచానని చెప్పుకోవడానికి సిగ్గు. మడత మీద మడత.

శనివారం పొద్దున ఆయన వరండాలో గడ్డం గీసుకుంటున్నాడు. వంటింటి కిటికీ వరండాలోకే ఉంది. లోపల కొడుకు గొంతు వినపడింది.

"అది నేనే చేసుంటానే. నేను ఆలోచించాను. ఫుట్‌బాల్ పెట్టేటప్పుడు ఏదో నొక్కేసి ఉంటాను. నాకే తెలీకుండా చేస్తుంటాను అలాంటివి. నాన్న చెప్పింది నిజమే. సారీ."

"పోనీలెండి" అంది కోడలు. "నేను కూడా అందరి ముందు అలా అడక్కుండా ఉండాల్సింది."

"కాదు, నా చెయ్యే అలాంటిది."

మాస్టారి చేతిలో బ్లేడు ఆగింది. చెయ్యని తప్పుని వాడు ఒప్పుకుంటున్నాడు. అబద్ధం ఆడి కాదు, నిజంగానే నమ్మి. తండ్రి అన్నాడు కాబట్టి నిజమై ఉంటుందని వాడు ఆరు రోజులు ఆలోచించి తేల్చుకున్నాడు. ఇంకా ఎన్ని ఇలా నమ్మి ఉంటాడు, ఎప్పట్నుంచి నమ్ముతున్నాడు?

అప్పుడైనా వెంటనే లోపలికి పోలేదాయన. సగం గీసిన గడ్డంతోనే తువాలు భుజాన వేసుకుని మెట్లు దిగి, వీధి చివర పాల బూత్ దాకా వెళ్ళాడు. పాల బూత్ మనిషి, "ఏంటి మాస్టారూ, గడ్డం ఒకవైపే పెంచుతున్నారా?" అన్నాడు. మాస్టారు చెంప తడుముకుని వెనక్కి తిరిగాడు. ఇంటికొచ్చేసరికి కొడుకు సంచి భుజాన వేసుకుంటున్నాడు, కోడలు బాక్సు మూత పెడుతోంది, భార్య గొడుగు వెతుక్కుంటోంది.

"ఒక్క నిమిషం కూర్చోండి" అన్నాడు మాస్టారు.

"ఏమైందండీ, ఆ మొహమేంటి?" అంది భార్య.

"ఆ గేమ్ పాడు చేసింది వాడు కాదు. నేను."

ముగ్గురూ ఆయన్ని చూశారు. ఆయన నేలని చూస్తూ చెప్పాడు. బంతి పిసకడం అబద్ధమని, పదిన్నర నుంచి ఒంటిగంట దాకా రెండు నెలలుగా ఆడుతున్నానని, వంతెన దగ్గర డాలువాణ్ణి పో అన్నానని, బెల్ మోగితే కంగారులో సేవ్ అయిపోయిందని, కొట్టుకి వెళ్ళి స్నేహితుడని అబద్ధమాడానని. మధ్యలో భార్యకి నవ్వు వచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు చూసి ఆయనకి కొంచెం ధైర్యం వచ్చింది. కానీ కొడుకు నవ్వలేదు.

"గేమ్ పోతే పోయింది నాన్నా" అన్నాడు. "నువ్వు చేశావని నీకు తెలుసు. తెలిసీ నన్నెందుకు అన్నావు ఆ మాట?"

మాస్టారు కంగారు పడ్డానని అనవచ్చు, కానీ పడలేదు. నీ మీద కోపం ఉందనవచ్చు, అదీ లేదు.

"తేలిగ్గా ఉంటుందని అన్నాన్రా" అన్నాడు చివరికి. "నిన్ను అనడం నాకు అలవాటు. తప్పు చేశాను."

'తప్పు చేశాను' అనే మాట ఆ ఇంట్లో ఆయన నోటినుంచి ఎవరూ వినలేదు. కొడుకు సంచి పట్టీ సరిచేసుకున్నాడు. "ఆ గడియారం కూడా నేను విప్పలేదు. పిన్నివాళ్ళ పిల్లలు కింద పడేశారు. అప్పుడూ చెప్పాను" అన్నాడు. తలుపు మెల్లగానే వేసి వెళ్ళాడు. కొట్టినట్టు వేసినా బావుండేదనిపించింది మాస్టారికి.

కోడలు ఇంకా నిలబడే ఉంది. "మామయ్యా, నన్ను అడిగితే మీకు వేరే గేమ్ తెరిచి ఇచ్చేదాన్ని కదా" అంది.

"అంతమంది ముందు నవ్వాను కదమ్మా. ఇంకే మొహంతో అడగను?" తర్వాత గొంతు తగ్గించి, "ఆ పాత మాటలన్నీ చదివాను. అది కూడా తప్పే. ఇంటి పెద్ద అని ఉంది చూడు, అది..." అన్నాడు.

కోడలి మొహం ఎర్రబడింది. "అది గేమ్‌లో ఇచ్చిన జవాబు మామయ్యా." బాక్సు మూత మళ్ళీ గట్టిగా నొక్కి, "కొంచెం మీరే" అంది.

ఆయన తలాడించాడు. ఆమె బాక్సు సంచిలో పెట్టుకుని, "మిగతా గడ్డం గీసుకోండి" అని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆదివారం ఆమె గేమ్ పెట్టి, డాలువాడు లేకుండానే ముందుకి సాగింది. మాస్టారు క్షమించమని మళ్ళీ అడగబోతే, "ఊరుకోండి, ఇలా కూడా ఒక కథ ఉంటుందిగా, చూద్దాం" అంది. కానీ ఆ పాత ఉత్సాహం లేదని ఆయనకి తెలుస్తూనే ఉంది. దానికి ఏమీ చెయ్యలేడు. మరో వారం ఆయనకి వేరే మనిషితో వేరే ఆట మొదలుపెట్టి ఇచ్చింది. ఇప్పుడు పొద్దుటిపూట అది ఆడతాడు. జవాబులు వచ్చినప్పుడు బొటనవేలు ఎత్తి పెట్టుకుని అన్నీ చదువుతాడు. చాలా ఆలస్యంగా నడుస్తుంది ఆయన ఆట.

కొడుకుతో సర్దుకోవడానికి మాత్రం ఆదివారాలు చాలలేదు. వాడు మాట్లాడడం మానలేదు, కానీ ఏ పని గురించి చెప్పినా తండ్రి మొహంలోకి చూడకుండా చెప్పేవాడు. ఒకసారి మాస్టారు, "మీ లిఫ్టులో ఆ తాడు తెగితే ఏం చేస్తార్రా?" అని అడిగాడు. వాడు అనుమానంగా చూసి, రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాడు. ఇంకోసారి అడిగితే నాలుగు ముక్కలు చెప్పాడు. మూడు నెలలకి ఒక కాగితం మీద బొమ్మ వేసి చూపించాడు. మాస్టారికి సగం అర్థం కాలేదు. అయినా మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

ఆ మధ్య వియ్యంకుడు మళ్ళీ టీకి వచ్చాడు. అందరూ హాల్లోనే ఉన్నారు. మాస్టారి భార్య ఆపుకోలేక బంతి కథంతా చెప్పింది. మొగుడు పంచె కొంగుతో కంట్రోలర్ తుడవడం, కొట్టులో పిల్ల చేత చివాట్లు తినడం, సగం గడ్డంతో పాల బూత్ దాకా పోవడం, అన్నీ నటించి చూపించింది. వియ్యంకుడు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. కోడలు కూడా నవ్వింది. మాస్టారి చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి, అయినా కదలకుండా కూర్చున్నాడు.

"అదండీ మా ఆయన వీరగాథ" అని ముగించింది ఆవిడ.

"ఒకటి వదిలేశావు" అన్నాడు మాస్టారు.

"ఏం వదిలేశాను?"

"చేసింది నేనైతే, అందరి ముందూ వీణ్ణి అన్నాను. ఏది ముట్టుకున్నా పాడు చేస్తాడని. అది కూడా చెప్పు."

నవ్వు ఆగిపోయింది. వియ్యంకుడు ఏమనాలో తెలియక, "అయ్యో, పర్లేదు బావగారూ, పర్లేదు" అన్నాడు. పర్లేదు అనవలసింది ఆయన కాదని అందరికీ తెలుసు. కొడుకు ట్రేలోంచి ఒక కప్పు తీసి, తండ్రి చేతికి అందించి, తన కప్పు తీసుకుని పక్కన కూర్చున్నాడు.